సబ్బు పాట వినని వీధి

"రేడియోలో మా సబ్బు పాట వారానికి ఎన్నిసార్లు వింటారమ్మా?"

సబ్బు కంపెనీ పంపిన సత్యం పెందుర్తిలో ఒక వీధంతా ఇదే అడుగుతున్నాడు.

జోగమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఎగాదిగా చూసింది. "మాకు రేడియో నేదు బాబూ. ఒక్కపాలి కూడా ఇన్నేదు."

అతను రాసుకుంటుంటే, ఆవిడ చేట అందుకుని బియ్యం చెరుగుతూ కూనిరాగం తీసింది. సబ్బు పాటే!

"ఇదెక్కడ విన్నారమ్మా?"

చేట ఆగిపోయింది. "ఎదురింటోల్ల రేడియోలో."

"వాళ్లు మీ రేడియోలో విన్నామన్నారే!"

జోగమ్మ ముఖం పాలిపోయింది. "రేడియోకి లైసెన్సు కట్టనేదని అట్టుకెల్లిపోతారేటి బాబూ?"

"అయ్యో, నేను లైసెన్సు మనిషిని కాదమ్మా! సబ్బు మనిషిని."

"కిందటేడొచ్చినోడు కూడా రేడియోలు బాగుసేత్తానన్నాడు. మర్నాడు ఇన్‌స్పెక్టరై ఒచ్చాడు."

ఆవిడ తలుపు వేసేసింది.

సత్యం వీధి మలుపు తిరిగాడో లేదో, వెనక ఒకదాని వెంట ఒకటిగా రేడియోలు గొంతు విప్పాయి. అన్నిట్లోనూ అదే సబ్బు పాట.

ఏ ఇంట్లో మోగుతోందో రాసుకుందామని ఆత్రంగా వెనక్కి వచ్చాడు.

అతన్ని చూడగానే వీధి మొత్తం మూగబోయింది.