మేడ మీది సమావేశం

"అధ్యక్షా, క్లెమ్ ఓగ్డెన్ మీద వేసిన వెలి ఇవాళ ఎత్తెయ్యాల్సిందే," అన్నాడు విల్ఫ్ ఎంట్‌విజిల్, ఖాళీ కుర్చీ వంక చూస్తూ.

"ఇన్నేళ్ళూ గుర్తురానిది ఈ పెద్దమనిషికి ఇవాళే ఎందుకు గుర్తొచ్చిందో అడగండి, అధ్యక్షా," అన్నాడు క్లెమ్, అదే కుర్చీతో.

అధ్యక్షుడు పోయి చాలాకాలమైంది. యజమానులు ఫ్యాక్టరీని తెగనమ్ముకుని పోయాక ఓల్డ్‌హామ్ యూనియన్ శాఖలో మిగిలింది ఈ ఇద్దరే. సమ్మె నాడు క్లెమ్‌లా గేటు దాటి పనిలోకి పోయినవాడితో ఏ సభ్యుడూ మాట్లాడకూడదు. ఆ తీర్మానం పెట్టిన కార్యదర్శి విల్ఫే. రూలు రూలే. అందుకే నెలనెలా సమావేశంలో ఇద్దరూ కుర్చీతోనే మాట్లాడుకుంటారు.

"ఇదొక్కటే మిగిలిన పని, అధ్యక్షా. ఈ వెలి ఎత్తేస్తే శాఖ మూసేసి రేపు పెద్దాఫీసుకు తాళంచెవి ఇచ్చేస్తా. ఎత్తెయ్యకుండా మూసే వీల్లేదు."

కింద పబ్బులో ఎవరో నవ్వారు. ఒకప్పుడు ఈ మేడగదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. మెట్ల మీద కూడా మనుషులే, పైపు పొగే. టీ విరామానికి కోత పెట్టాడని మేనేజర్ చేత మొత్తం ఫ్యాక్టరీ ముందు క్షమాపణ చెప్పించిన మొనగాళ్ళు వాళ్ళు. విల్ఫ్, క్లెమ్‌లది ఒకే లేత్ మిషను, ఒకే ఫ్లాస్కు. మూతలో క్లెమ్ పోసిచ్చిన టీ రుచి విల్ఫ్ ఇంకా మరవలేదు. చచ్చేలోగా వాడి మొహం చూసి ఒక్కసారి "ఒరే క్లెమ్" అని పిలవాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

"నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్ళు చెయ్యెత్తండి."

చెయ్యెత్తడానికి గదిలో ఉన్నది క్లెమ్ ఒక్కడే. వాడు గ్లాసెత్తి బీరు గుటకేశాడు.

"ఆ సభ్యుడికి చెముడేమో కనుక్కోండి, అధ్యక్షా."

"చెవులు బానే ఉన్నాయని చెప్పండి. బలపరచనని కూడా చెప్పండి."

విల్ఫ్ మొహం పాలిపోయింది. "నా మీద ఇంకా అంత కసి ఉందా అని అడగండి." రూలు ప్రకారం మిగతాది కూడా తనే అనాలి. అన్నాడు. "బలపరిచేవాళ్ళు లేరు. తీర్మానం వీగిపోయింది."

క్లెమ్ లేచి టోపీ పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి కుర్చీ వైపు తిరిగాడు.

"కసీ లేదు, కాకరకాయా లేదు, అధ్యక్షా. వెలి ఎత్తెయ్యకపోతే వచ్చే నెల కూడా వాడు ఈ మెట్లెక్కి రావాలిగా."