చిటికెన వేలు

"హాల్లోంచి వచ్చావా? పిల్లలకి అడ్డం పడలేదు కదా?" అన్నాడు రామమూర్తి, మంచం మీంచి తల తిప్పి.

"లేదు బావగారూ. చప్పుడు చెయ్యకుండా వచ్చీసేను," అన్నాడు ప్రద్యుమ్న.

ప్రద్యుమ్న రామమూర్తి భార్య ఆండాళ్‌కి తమ్ముడు. టెక్కలి రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా. బావగారి దగ్గర టైపు హయ్యర్ పాసయ్యాకే ఆ ఉద్యోగం వచ్చింది. ఆ మాటకొస్తే టెక్కలి ఆఫీసుల్లో సగంమంది రామమూర్తి మొట్టికాయలు తిన్నవాళ్లే. పలాస నుంచి, కోటబొమ్మాళి నుంచి కూడా బస్సులెక్కి వచ్చేవారు. తెల్లారకముందే హాల్లో ఎనిమిది టైపు మిషన్లూ ఒక్కసారిగా మోగుతుంటే ఆ వీధివాళ్లకి అలారం గడియారంతో పని ఉండేది కాదు.

రెండువేల సంవత్సరం దాటాక ఊళ్లోకి కంప్యూటర్లొచ్చాయి. టైపు నేర్చుకునేవాళ్లు పలచబడ్డారు. అది చాలదన్నట్టు నిరుడు రామమూర్తికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. అప్పటినుంచి హాలు వ్యవహారమంతా ఆండాళ్‌దే. హాలుకీ ఆయన మంచానికీ మధ్య ఒక్క గోడ.

ఆయనకి ఆ గోడే చాలు. ఏ వేలు తప్పుతోందో వింటూనే పట్టేస్తాడు.

ఇప్పుడు కూడా అవతల మిషను మోగుతోంది.

"విన్నావా? భాగ్యశ్రీ అని కొత్తమ్మాయి. కోటబొమ్మాళి నుంచి వస్తోందట. చిటికెన వేలికి బలం చాలదు. ఇంగ్లీషు 'ఏ' అక్షరం పడీ పడనట్టు పడుతుంది. పెళ్లైన కొత్తలో మీ అక్కకీ ఇంతే. తిట్టి తిట్టి దారిలో పెట్టాను."

ప్రద్యుమ్న నవ్వబోయాడు గానీ సరిగ్గా రాలేదు.

"వెనకటిలా బ్యాచీలు లేవులే. కాలేజీ టైములు కుదరక ఒకరెళ్లాక ఒకరు వస్తున్నారు. ఐదుగురు. అదైనా ఉంది కదా!"

"బావగారూ, కంప్యూటర్‌వాళ్లు మళ్లీ కబురెట్టారు."

రామమూర్తి మొహం వెలిగింది. దాచుకోబోయాడు గానీ దాగలేదు.

శ్రీకాకుళంవాళ్లెవరో హాలు అద్దెకి అడుగుతున్నారు. కంప్యూటర్లు వాళ్లే తెచ్చుకుంటారు. మాస్టారు కూడా కావాలంటున్నారు. నేర్చుకునేవాళ్లకి వేళ్లు కుదిర్చే మనిషి వాళ్లకి లేడు.

"కుర్చీలో కూర్చుని నోటితో చెప్తే చాలన్నారు. అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి కదా, మీకు కొత్తేటుంది? మిషన్లు తీసీసి, ఒకటో తారీకుకి హాలు ఖాళీగా ఇచ్చీమంటున్నారు. ఈ సాయంత్రంలోగా మాట చెప్పకపోతే మెయిన్ రోడ్డులో ఇంకోటి చూసీసుకుంటారట."

రామమూర్తి ఎడంచేత్తో తలగడ కింద తడిమాడు. పాత కీబోర్డొకటి తీశాడు. ఆఫీసులో పారేస్తుంటే ప్రద్యుమ్నే తెచ్చిచ్చాడు.

"రోజూ ఒంటిచేత్తో సాధన చేస్తున్నాను. వెధవది, ఎంత కొట్టినా మోగదు. అయినా వేళ్లకి అలవాటైపోయింది." ఆయన గొంతు తగ్గింది. "నిజం చెప్పనా? మళ్లీ పిల్లల మధ్య కూర్చోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. గోడకేసి చూసి చూసి విసుగెత్తిపోయాను ప్రద్యుమ్నా."

"మరింకేటి ఆలోచన? సరే అనీండి!"

"అనలేను."

"ఏటండీ అలాగంటారు!"

"జూలైలో పరీక్ష. మీ అక్క అందరి పేర్లూ పంపేసింది. ఊళ్లో ఇంకెక్కడా మిషన్లు లేవు. నా ముచ్చట కోసం ఆ ఐదుగుర్నీ నడిరోడ్డు మీద నిలబెట్టమంటావా? పరీక్షలయ్యేదాకా ఆగుతారేమో అడుగు."

"అడిగేను. ఆగరట."

రామమూర్తి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి మొహంలో ఇందాకటి వెలుగు లేదు.

"అయితే వద్దని చెప్పెయ్."

ప్రద్యుమ్న లేచి నిలబడ్డాడు. మళ్లీ కూలబడ్డాడు. "బావగారూ, మీకొక మాట చెప్పాలి. అక్క..."

గోడ అవతల మిషను ఆగిపోయింది.

"కాగితం మారుస్తున్నట్టుంది," అన్నాడు రామమూర్తి, చెవి అటే పెట్టి. "ఏమిటి, అక్కకేమైంది?"

ప్రద్యుమ్న గోడకేసి చూసి మాట మార్చేశాడు.

"ఏం లేదు. బాగా నలిగిపోతోంది."

"నాకు తెలీదా? రాత్రయ్యేసరికి వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటుంది. రుబ్బురోలు వల్లనంటుంది. ఇంటి పనీ, హాలు పనీ, నా పనీ. ఎన్నిసార్లనుకున్నానో, మూసెయ్యవే తల్లీ అందామని. కానీ పిల్లలొచ్చారని చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి నువ్వు. ఆ సంబరం నా చేతులతో ఎలా తీసెయ్యను?"

ప్రద్యుమ్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఉక్కపోత అనుకున్నాడు రామమూర్తి.

"ఇది నువ్వు పట్టుకుపో. ఇంక నాకెందుకు?" అంటూ కీబోర్డు బావమరిది చేతిలో పెట్టేశాడు. పెట్టాక కూడా ఆయన వేళ్లు కాసేపు దాన్ని వదల్లేదు.

అవతల ఇంకా చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దాన్ని ఆయన భరించలేకపోయాడు. ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని కేకేశాడు.

"ఏమ్మా భాగ్యశ్రీ, ఆగిపోయావేం? భయపడకు, నీ పరీక్ష అయ్యేదాకా ఈ హాలు ఎవరికీ ఇవ్వను. చిటికెన వేలు గట్టిగా వెయ్యి. ఊఁ, కొట్టు!"

గోడ అవతలి ఖాళీ హాల్లో, గుడ్డలు కప్పిన ఏడు మిషన్ల మధ్య ఎనిమిదోదాని ముందు ఒంటరిగా కూర్చున్న ఆండాళ్, నొప్పెడుతున్న చిటికెన వేలితో మళ్లీ 'ఏ' దగ్గర్నుంచి మొదలుపెట్టింది.