చెల్లెలి పేరున్న కంప్యూటర్

"కొత్త కంప్యూటర్లో మీ విండోస్ లైసెన్సు పడటం లేదండి. దాన్ని ఈపాటికే ఎవరో మీ పాస్‌వర్డుతో ఇంకోదాంట్లోకి మార్చేశారు," అన్నాడు కంప్యూటర్లు చూసే హఫీజ్.

"ఎవరయ్యా?" అడిగాడు కొట్టు యజమాని భాస్కరరావు.

హఫీజ్ తెర చూపించాడు. 'కుసుమ ఫీడ్స్, ఆకివీడు' అని ఉంది.

కుసుమ అతని చెల్లెలు. ఏలూరులోని ఈ చేపల మేత కొట్టులో ఆమె భర్తకు సగం వాటా. భాస్కరరావు వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఆకివీడులో కొట్టు పెట్టారామ్మా?"

"ఇప్పటికి అడిగావా అన్నయ్యా? నీ చేత్తో కొబ్బరికాయ కొట్టించాలనుకున్నాను. ఈయనొచ్చి పిలిస్తే కుదరదన్నావటగా. అయినా వస్తావేమోనని గుమ్మం వంకే చూశాను."

తననెవరూ పిలవలేదన్న మాట భాస్కరరావు నోటిదాకా వచ్చింది. అది బయటపెడితే చెల్లెలి కాపురానికి ఎంత నష్టమో లెక్క వేసుకున్నాడు.

"పని పడిందమ్మా," అని ఫోన్ పెట్టేశాడు.

హఫీజ్ మెల్లగా అడిగాడు. "అక్కడ తీసెయ్యమంటారా అండీ? లైసెన్సు మీదేగా."

"ఉండనీ. అది మా చెల్లి పేరున్న కొట్టు. నాకు ఇంకోటి కొను."

హఫీజ్ తలూపి లేచాడు.

"ఈసారి పాస్‌వర్డు మా బావకి చెప్పకు," అన్నాడు భాస్కరరావు.