పదడుగుల ఫోటో

"ఎత్తు పదడుగులు, వెడల్పు ఎనిమిది. సాయంత్రం నాలుక్కల్లా జమ్మలమడుగు బస్టాండు ముందర లేచి నిలబడాల" అన్నాడు ఆదినారాయణ.

ఫయాజ్ ఆయన చేతిలోని కాగితం తీసుకున్నాడు. పైన 'అశ్రునివాళి' అని ఉంది. కింద శిల్ప పేరు. జననం తేదీ. మరణం, మొన్నటి బుధవారం.

ఫయాజ్ ఆ తేదీని మళ్ళీ చదివాడు. నాలుగు దినాలుగా ప్రొద్దుటూరులో పెళ్ళి ఫోటోలు తీస్తూ ఉండిపోయి, ఆ తెల్లవారే వచ్చి స్టూడియో తెరిచాడు. ఈ కబురు చెవిన పడలేదు.

"ఏందన్నా ఇది? ఏమైంది పాపకు?"

"అడగొద్దు ఫయాజ్. నోటితో చెప్పేది గాదు."

ఆదినారాయణ తల నున్నగా గొరిగి ఉంది. కత్తి గీరుకున్నచోట నెత్తురు చుక్క ఎండిపోయింది. వెనక, గడప దగ్గరే, ఆయన భార్య పద్మావతమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. వాళ్ళకు శిల్ప ఒక్కతే బిడ్డ.

ఫయాజ్ కంప్యూటర్ వేశాడు. ఆ పిల్లవి తన దగ్గర రెండు ఫోటోలున్నాయి. రెండూ రెండు కెమెరాలతో తీసినవి.

ఒకటి చిన్న కెమెరాది. పరిగెత్తేవాళ్ళనూ ఎగిరేవాళ్ళనూ పట్టుకునే కెమెరా అది. సెకనుకు ఇరవై ఫోటోలు తీస్తుంది. మనిషి ఎటు తిరిగినా కంటిని వదలదు. కాలేజీ ఆటల పోటీలప్పుడు మైదానం ఆ చివర నుంచి తీశాడు. శిల్ప గీత దాటుతోంది. జడ గాల్లో ఉంది. నోరంతా నవ్వే.

రెండోది పెద్ద కెమెరాది. అది నిదానం. స్టాండు మీద పెట్టి, మనిషిని కుదురుగా కూర్చోబెట్టి తీయాలి. తీస్తే మాత్రం వెంట్రుకకు వెంట్రుక విడదీసి చూపిస్తుంది. సంబంధాలకు పంపడానికి ఉగాదికి ముందు తీసిన ఫోటో అది. పట్టుచీర. మూసుకున్న పెదవులు.

ఆ రోజు తెర మీద తన బుగ్గను పెద్దది చేసి చూసుకొని, "మామా, నీ కెమెరా నా మొటిమలకు గూడ ఆధార్ కార్డు ఇచ్చేటట్టుందే" అనింది శిల్ప.

"రెండు బర్రెల దుడ్లు పోసి కొన్యాడు. ఆ మాత్రం చూపియ్యకుంటే ఎట్ల?" అని ఆదినారాయణ పడీ పడీ నవ్వాడు.

ఇప్పుడాయన నవ్వడం లేదు. ఏడవడమూ లేదు. ఏడ్చి ఏడ్చి కండ్లు ఎండిపోయినాయి పాపం, అనుకున్నాడు ఫయాజ్.

పద్మావతమ్మ ముందుకొచ్చి, పరుగు ఫోటో మీద వేలు పెట్టింది.

"దీన్ని పదడుగులు చేస్తే ఎట్ల వచ్చాది తమ్ముడూ?"

"బాగ రాదక్కా. శానా దూరం నుంచి తీసింది. అంతమందిలో నుంచి పాప మొహం కత్తిరించి సాగదీస్తే చుక్కలు చుక్కలైతాది. ఎవరో గూడ గుర్తుపట్టరు."

"అయితే ఇదే ఎయ్యి."

ఫయాజ్ తెల్లబోయాడు.

"వద్దు" అన్నాడు ఆదినారాయణ. "ఆ పక్కది ఎయ్యి. చూసినోడల్లా గుర్తుపట్టాల."

"నా బిడ్డ నవ్వే మొహమయ్యా ఇది."

"నవ్వింది చాల్లే."

ఆయనకు ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ వీధిలోకి నడిచాడు. పద్మావతమ్మ గబుక్కున ఫయాజ్ చేయి పట్టుకుంది.

"మిషన్ చెడిపోయిందని చెప్పు తమ్ముడూ. నీకు పుణ్యముంటాది. ఈ ఒక్క దినం ఆపు. సాయంత్రం పులివెందుల బస్సుకు నాకు కావాల్సినోళ్ళు వస్తాండారు. దిగీ దిగంగనే ఇది వాళ్ళ కంట్లో పడితే..."

ఆమె వీధి వైపు చూసింది.

కబురు తెలియని చుట్టాలెవరో వస్తున్నారు కాబోలు, అనుకున్నాడు ఫయాజ్. కానీ దాచితే దాగేదా? ముప్పై ఏండ్లలో ఇలాంటి తల్లులను ఎందరినో చూశాడు. మొదట ఫోటో కంటపడితే చాలు ఓర్చుకోలేరు. నెల తిరిగేసరికి, ఇంకా పెద్దది కావాలని వాళ్ళే వస్తారు. రేపు ఈమే వచ్చి, నా బిడ్డ మొహం ఎందుకట్ల పాడు చేసినావని అడిగితే తన దగ్గర జవాబుండదు.

"అక్కా, నా మాట విను. పెద్ద కెమెరాదే ఏస్తా. పాప వచ్చి ఎదురుగా నిలబడినట్టే ఉంటాది."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఏదో చెప్పబోయింది. గడప దగ్గర మొగుడి చెప్పుల చప్పుడైంది. కొంగు మళ్ళీ నోట్లోకి పోయింది.

ఫయాజ్ మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. రంగు సరిచూశాడు. అక్షరాలు సరిచూశాడు. బుగ్గ మీది మచ్చను ఒక్కదాన్ని కూడా చెరపలేదు. ఫ్లెక్సీ అచ్చు వేసి, చట్రానికి బిగించి, తనే వెంట వెళ్ళి బస్టాండు ముందర దగ్గరుండి తాళ్ళు కట్టించాడు. నాలుగింటికల్లా అది లేచి నిలబడింది.

పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. టీ అంగడి కలీం గ్లాసులు కడగడం ఆపి బయటికొచ్చాడు.

"యా అల్లా, ఏం తీసినావు ఫయాజ్ భాయ్! ఇప్పుడే నోరు తెరిచి మాట్లాడేటట్టుంది."

ఫయాజ్ భుజం మీది తువ్వాలుతో కండ్లు తుడుచుకున్నాడు.

అయిదింటికి పులివెందుల బస్సు వచ్చి ఆగింది. మెడలో కొత్త పసుపుతాడుతో శిల్ప, మొగుని వెనకాలే దిగి, తల పైకెత్తి, తను ఎప్పుడు చచ్చిపోయిందో చదువుకుంది.