ఎడమ కాలి అలవాటు

“క్లచ్ కోసం నా ఎడమ కాలు ఎతికింది మేడమ్. గా బండికి క్లచ్ లేదు. గాబరాల బ్రేకనుకొని ఎక్సలేటర్ తొక్కిన.”

నాంపల్లి కోర్టులో రాజనర్సు ఈ మాట చెప్పేసరికి వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేజిస్ట్రేటు తలెత్తి చూసింది. నవ్వు ఆగిపోయింది.

“ఎన్నేళ్ల నుంచి డ్రైవరు పని చేస్తున్నావు?”

“ఇరవై ఎనిమిదేండ్లు.”

“ఇదివరకు కేసులేమైనా ఉన్నాయా?”

“లేవు మేడమ్. నా చేతిల బండికి గీత గూడ పడలే.”

అది నిజం. ఆబిడ్స్‌లో జగన్మోహనరావు బట్టల దుకాణం ముందు బండ్లు ఆపుకునే డ్రైవర్లందరికీ తెలిసిన నిజం. గేర్ల బండి మంచిదా, ఆటోమేటిక్ మంచిదా అని అక్కడ మధ్యాహ్నం పూట రోజూ ఒకటే వాదన. కుర్ర డ్రైవర్లంతా ఆటోమేటిక్ వైపు. ట్రాఫిక్‌లో మోకాళ్లు అరగవు, కాలు తీస్తే చాలు బండి దానంతటదే కదులుతుంది అనేవాళ్లు. గేర్ల వైపు రాజనర్సు ఒక్కడే.

“దానంతటది కదులుడే నాకు భయం,” అనేవాడు. “మనం తప్పు చేస్తే గేర్ల బండి ఆగిపోతది. గది ఉరుకుతది.”

దసరాకు అతని యజమాని జగన్మోహనరావు ఆటోమేటిక్ కారు కొన్నాడు. ఆ రోజు డ్రైవర్లు రాజనర్సును ఆడుకున్నారు. అతను నవ్వి ఊరుకున్నాడు. కొత్త కారుకు నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, పాత గేర్ల కారు తుడుచుకోవడానికి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండానే ఆ కొత్త కారు నాంపల్లి స్టేషన్ దారిలో ఫుట్‌పాత్ ఎక్కింది. పూలమ్ముకునే లక్ష్మీనర్సమ్మ కాలు చక్రం కింద నలిగింది. దవాఖానలో మోకాలి కింద దాకా తీసేశారు. ఆ సాయంత్రమే రాజనర్సు పోలీసు ఠాణాకు వెళ్లి, తప్పు తనదేనని రాసిచ్చాడు.

మర్నాడు దుకాణం ముందు ఎవరూ అతనికి చాయ్ ఇవ్వలేదు. అతని కంటే పెద్దవాడు బిచ్చయ్య మాత్రం నోరు విప్పాడు.

“గేర్లు గేర్లని మా చెవులు తిన్నవు. ఆఖరికి కాలు యాడ పెట్టాల్నో నీకే తెల్వకపాయె. నిన్ను గట్ల దేవుని లెక్క చూసుకునే సేటు బండితోని గిదేం పనిరా నర్సు?”

బిచ్చయ్య అన్నదాంట్లో అబద్ధం లేదు. రాజనర్సు భార్య నర్మదకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండు సార్లు డయాలసిస్. రెండేళ్ల నుంచి ఆ ఖర్చంతా జగన్మోహనరావే పెట్టుకుంటున్నాడు. ఇప్పుడు కేసుకు వకీలును పెట్టిందీ ఆయనే. వాయిదాలన్నిటికీ కూతురు శ్రీవిద్యను వెంటబెట్టుకుని మరీ వస్తున్నాడు. చిన్నప్పుడు శ్రీవిద్యను రోజూ బడికి దింపింది రాజనర్సే. డ్రైవరు కోసం యజమానులు ఇంత చెయ్యడం తన సర్వీసులో చూడలేదని వకీలు అన్నాడు.

నర్మద మాత్రం అతను ఠాణా నుంచి వచ్చిన రాత్రి ఒక్క మాటే అడిగింది.

“నిద్రల లేపినా గేర్లు కరెక్టు ఏస్తవు. నీ కాలు ఎట్ల తప్పింది?”

“తప్పింది,” అన్నాడు.

ఇప్పుడు కోర్టులో లక్ష్మీనర్సమ్మ అతనికి ఎదురుగానే కూచుంది. చంకల కింద పెట్టుకునే కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె కోపంగా లేదు. అదే అతను తట్టుకోలేకపోయాడు.

“నేను రోడ్డు మీద లేను గదా బిడ్డా,” అంది. “పక్కకే కూసున్న గదా. కనబడలేదా నీకు?”

రాజనర్సు రెండు చేతులూ జోడించాడు. “తప్పయింది తల్లీ,” అన్నాడు. వెనక వరసలో శ్రీవిద్య ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి, పాత కేసులు లేవు కాబట్టి, కోర్టు లేచేదాకా అక్కడే నిలబడడమే శిక్ష అన్నారు. జరిమానా వేశారు. లైసెన్సు రద్దు చేశారు. ఇరవై ఎనిమిదేళ్లు జేబులో పెట్టుకు తిరిగిన కార్డును గుమాస్తా చేతిలో పెడుతుంటే అతని వేళ్లు వదల్లేదు. గుమాస్తానే గుంజుకోవలసి వచ్చింది.

సాయంత్రం కోర్టు లేచింది. జగన్మోహనరావు జరిమానా రసీదు కోసం లోపలే ఆగాడు. ఆయన నడుపుకొచ్చిన కొత్త కారు గేటుకు అడ్డంగా ఉంది. శ్రీవిద్య అప్పటికే తాళం తీసుకుని వెళ్లి వెనక సీట్లో కూచుంది. గేటు దగ్గరి కానిస్టేబుల్ రాజనర్సును చూసి చెయ్యూపాడు.

“ఓ డ్రైవర్! జర బండి ఎనకకు తియ్. జడ్జి గారి కారు పోవాలె.”

“లైసెన్స్ తీసుకున్నరు సార్.”

“పది అడుగులకు లైసెన్సెందుకయ్యా? ఆ బండితోని మనుషులను గుద్దినవ్ గదా, ఎనకకు తియ్యరాదా? తియ్ తియ్!”

చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. వకీలు కూడా మెట్ల మీద నుంచి చూస్తున్నాడు. రాజనర్సు తలుపు తీసి డ్రైవరు సీట్లో కూచున్నాడు. కానిస్టేబుల్ ఈల వేశాడు.

“ముందు బ్రేకు తొక్కి, తర్వాత ఆ బటన్ నొక్కాలి రాజన్నా,” అని వెనక సీట్లోంచి శ్రీవిద్య ఏడుపు దిగమింగుకుంటూ నేర్పుతుంటే, రాజనర్సు ఆ కారు స్టీరింగు మీద మొట్టమొదటిసారి చేతులు పెట్టాడు.