బయట వేసిన తాళం

“నా ఎదురుగా మిమ్మల్ని అబద్ధాలకోరు అంటాడా!”

పాస్టరమ్మ మెట్లెక్కుతూనే అందుకుంది.

జరిగింది చిన్న విషయమే. ఊరేగింపుకి మనుషుల్ని పోగుచేస్తున్న పార్టీ కుర్రాళ్ళు పాస్టరుగారిని గేటు దగ్గర ఆపి, పక్కింటివాళ్ళు ఉన్నారా అని అడిగారు.

“ఉన్నారు,” అన్నారాయన. ఉన్నారు కాబట్టి.

ఎదురు కొట్లో తాళాలు బాగుచేసే పెద్దాయన అక్కడి నుంచే కేకేశాడు. “ఆయన మాటలు నమ్మకండి, అన్నీ అబద్ధాలు! వాళ్ళు పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి పోయారు!”

కుర్రాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

“అబద్ధమాడింది వాడు, పేరు మీకు!”

“పోనీలే. నా నోట్లోంచి రాలేదుగా.”

“మీ నోట్లోంచి ఎందుకొస్తుంది? కూరలో ఉప్పెక్కువైందా అని అడిగితే మొహమాటానికైనా లేదనరు.”

సువార్త చెప్పడానికి దేశంకాని దేశం వచ్చారు ఇద్దరూ. కింద ప్రార్థన గది, పైన కాపురం. మొదటి ఆదివారమే తాళాలాయన వచ్చి, “అంత గట్టిగా పాడుతున్నారు, మీ దేవుడికి చెవుడా?” అని అడిగి పోయాడు. ఆ రోజే పాస్టరమ్మ అతనికి చిర్రుబుర్రుగారు అని పేరు పెట్టేసింది.

మర్నాడు ఊరు భగ్గుమంది. ఎన్నికల్లో ఓడినవాళ్ళు ఒప్పుకోలేదు, గెలిచినవాళ్ళు ఊరుకోలేదు. పరాయి దేశంవాళ్ళంటే మాత్రం ఇద్దరికీ పడలేదు.

మిషన్ ఆసుపత్రిలో తలదాచుకుందామని సంచి సర్దుకుని దిగేసరికి గేటుకి బయటి నుంచి తాళం. పిడికెడంత ఉంది, కొత్తది.

అవతల చిర్రుబుర్రుగారు.

“తాళం తియ్యండి!” అంది పాస్టరమ్మ.

“తియ్యను.”

“ఎందుకు తియ్యరు?” అడిగారు పాస్టరుగారు.

“మీకు చెప్పను. పైకి పొండి. కిటికీలో తల కనిపించిందా, పాట వినిపించిందా, నా అంత చెడ్డవాడు ఉండడు.”

పాస్టరమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది.

“తిట్టుకోండమ్మా. మెల్లగా తిట్టుకోండి.”

మధ్యాహ్నం రాళ్ళు వచ్చి కిటికీ అద్దాలు భళ్ళుమన్నాయి. విసిరింది అతనే. ఆ తర్వాత గేటు తీసుకుని లోపలికొచ్చి, ప్రార్థన గది బోర్డు పీకాడు, కుర్చీలన్నీ ఈడ్చుకుపోయి గేటు ముందు కుప్పేసి నిప్పు పెట్టాడు. పోతూ పోతూ తాళం మాత్రం మర్చిపోలేదు.

“వాడి చేతులు పడిపోను!”

“ప్రార్థన చేసే నోటితో అదేం మాటే?”

“కుర్చీలు తగలబెట్టే చేతుల్ని మరేమనను?”

ఆమెకి ఏడుపొచ్చింది. దేవుడి పని మీద వచ్చి, ఈ గదిలో ఎలుకల్లా చచ్చిపోతామని భయపడింది.

కిటికీలకి కనిపించకుండా బీరువా వెనక నేల మీదే కూర్చున్నారు, అక్కడే పడుకున్నారు. కుళాయి ఆగిపోయింది. బక్కెట్‌లో నీళ్ళు అడుగంటాయి. ఆదివారం ప్రార్థనలో ప్రభువు బల్ల దగ్గర పంచడానికని దాచిన రొట్టె తప్ప తినడానికేమీ మిగల్లేదు.

“ఇది బల్ల మీదకి తెచ్చింది,” అన్నారు పాస్టరుగారు.

“ప్రభువేమీ అనుకోడు. తినండి.”

తింటూ ఉండగానే వీధిలో కేకలు. గేటుని ఎవరో పట్టుకుని ఊపారు.

“దానితో పనేముంది?” చిర్రుబుర్రుగారి గొంతు. “అది నిన్ననే నేను ఊడ్చేశాను. బూడిద కనిపించట్లా?”

ఎవరో నవ్వారు. అడుగుల చప్పుడు దూరమైంది.

“విన్నారా? వాడూ వాళ్ళలో ఒకడే!” అంది పాస్టరమ్మ గుసగుసగా.

చివరికి ఒక ఉదయం మిలిటరీ లారీ వచ్చింది. ఈ సైనికులు ఏ పక్షంవాళ్ళో తెలియక వీధి వీధంతా తలుపులు బిగించుకుంది. పాస్టరమ్మకి అదేమీ పట్టలేదు. పగిలిన కిటికీలోంచి చీర కొంగు ఊపింది.

తాళం ఎవరిదని అధికారి అరిచాడు. చిర్రుబుర్రుగారు మారుమాట లేకుండా వచ్చి గేటు తీశాడు.

“ఇదంతా ఎవరు చేశారు?”

పాస్టరమ్మ వేలెత్తి చూపించింది.

అధికారి పాస్టరుగారి వైపు తిరిగాడు. “నిజమేనా?”

పాస్టరుగారు ఒక్క క్షణం తటపటాయించారు. “నిజమే. నా కళ్ళతో చూశాను.”

సైనికులు తాళాలాయన చేతులు వెనక్కి విరిచారు. అతను నోరు తెరిచి ఏదో చెప్పబోయి, సైనికుల్ని చూసి, పక్కిళ్ళ వైపు చూసి, ఊరుకున్నాడు. చేతిలోని తాళంచెవుల గుత్తిని మాత్రం పాస్టరుగారి కాళ్ళ దగ్గరికి జారవిడిచాడు.

“మిగతావి పారెయ్యకండి,” అన్నాడు.

లారీ వెళ్ళిపోయింది. పాస్టరమ్మకి కడుపు చల్లబడింది.

అప్పుడు గానీ ఆమె వీధిని సరిగ్గా చూడలేదు. పక్కింటికీ పగిలిన కిటికీలే. గేటు ముందు బూడిదే. గేటుకి పిడికెడంత కొత్త తాళం. ఆ పక్కదానికీ అంతే. తాళంలేని ఇళ్ళు మాత్రం పైకప్పుతో సహా కాలిపోయి ఉన్నాయి.

పాస్టరుగారు గుత్తిలోని తాళంచెవులు పక్కింటి తాళానికి ఒక్కొక్కటే పెట్టి చూశారు. ఒకటి తిరిగింది.

లోపలి నుంచి పక్కింటి ముసలమ్మ, వెనకే కొడుకు, కోడలు కళ్ళు చికిలిస్తూ వచ్చారు. ముసలమ్మ గుత్తిని చూసింది, వాళ్ళిద్దర్నీ చూసింది, ఖాళీ వీధిలోకి తొంగి చూసింది.

“తాళాలాయన ఏడి బాబూ? మా అందరికీ ముందే చెప్పి తాళాలేశాడు. మీకు మాత్రం చెప్పనన్నాడు. ఎవరైనా అడిగితే పాస్టరుగారు అబద్ధమాడలేరు, పాపం ఆయన వంతు కూడా నేనే ఆడేస్తాను, అన్నాడు.”