కురాబె దొర ముద్ర

“ఆ తెర తీయించండి దివాన్‌గారూ!” అన్నాడు ఇసోనో. జపాన్‌ను ఏలే షోగన్ కొలువు నుంచి విచారణకు వచ్చిన అధికారి అతను.

“దొరవారికి వెలుతురు పడదండి,” అన్నాడు ముసలి దివాను గెన్బా.

“మీ దొర పెళ్లికూతురా, తెర చాటున కూర్చోడానికి? వారసుడు లేని మనిషి. ప్రాణం ఉండగానే, నా కళ్ల ముందు దత్తత పత్రం మీద ముద్ర వెయ్యాలి. లేదంటే కురాబె వంశం ఇవాళ్టితో సరి. కోట సర్కారుకి, మీరంతా వీధిలోకి.”

అది గెన్బాకు ఒకరు చెప్పాలా? దొర నిన్న తెల్లవారకముందే పోయాడు. తెర వెనక, శవాన్ని ఆనుకుని దుప్పటి కింద హన్రొకు అనే బంటు ముడుచుకుని ఉన్నాడు.

గెన్బా తెరను జానెడు జరిపాడు. ఇసోనో మోకాళ్ల మీద ముందుకు వంగాడు.

“దొరవారూ, తమ్ముడి కొడుకును దత్తత చేసుకోవడం మీకు ఇష్టమేనా?”

దుప్పటి కింద సన్నగా మూలిగినట్టయింది.

“ఇష్టమేనంటున్నారండి,” అన్నాడు గెన్బా.

“నాకు పిల్లి కూసినట్టుంది. సరే, ముద్ర వెయ్యమనండి.”

దుప్పటి కదిలింది. పాలిపోయిన చెయ్యి ఒకటి మెల్లగా బయటికొచ్చింది. వేళ్ల సందున ఇరికించిన ముద్ర జారి, చాప మీద దొర్లి, ఇసోనో మోకాలి దగ్గర ఆగింది. చెయ్యి వెతకలేదు. అలాగే పడి ఉంది.

గెన్బా చెయ్యి చాపబోయాడు.

“ఆగండి!”

ఇసోనో ముద్ర తీసుకున్నాడు. దొర చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

“ఇంత చల్లగా ఉందేం?”

“జ్వరం... జ్వరం దిగిందండి.”

ఇసోనో ఆ చెయ్యి వదల్లేదు. గెన్బా నడుముకున్న చిన్నకత్తిని తడుముకున్నాడు. ఇక పొట్ట చీల్చుకోవడమే మిగిలింది.

ఇసోనో ఆ కొయ్యబారిన వేళ్లను ఒక్కొక్కటే ముద్ర చుట్టూ వంచాడు. పైన తన పిడికిలి బిగించి పత్రం మీద గట్టిగా అదిమాడు. ముద్ర ఎర్రగా పడింది.

“దొరవారు స్వహస్తంతో వేశారు. నేను చూశాను,” అంటూ లేచాడు. “ఆ దుప్పటి కింద మనిషికి కాస్త గాలాడనివ్వండి.”

గెన్బా గడప దాకా వెంట వెళ్లాడు. “అయ్యా... ఎందుకని?”

ఇసోనో వంగి చెప్పుల తాళ్లు ముడేసుకున్నాడు.

“నన్ను దత్తత చేసుకునేనాటికి మా నాన్న పోయి మూడు రోజులు.”